శని, ఆదివారాల్లో పెసరట్టు ఎందుకు లేదంటే

హైదరాబాద్ సైనిక్‌పురిలోని మా టిఫిన్ హోటలుకు శని, ఆదివారాల్లో వచ్చే వారందరికీ నమస్కారం. ఈ వారం నుంచి ఆ రెండు రోజుల్లోనూ పెసరట్టు గానీ పెసరట్టు ఉప్మా గానీ ఉండవు. ఈ ఖరీఫ్ పెసలు చేతికి వచ్చేదాకా, అంటే ఎంత త్వరగా చూసుకున్నా సెప్టెంబరు దాకా, ఈ పరిస్థితి ఇలాగే ఉంటుంది. దోసెలో లాభం ఎక్కువ కాబట్టి పెసరట్టు ఎత్తేశామని కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకరు రాశారట. రాసినవారు మా దగ్గర ఎన్నోసార్లు తిన్నవారే కావడం వల్ల ఆ మాట కొంచెం గట్టిగానే తగిలింది. అందుకే జరిగింది జరిగినట్టు మీకు చెబుతున్నాను.

మేము వారాంతంలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా పెనం వేడిగా ఉంచడం మొదలుపెట్టిందే పెసరట్టు కోసం. ఈ చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లు చాలావరకు పదిన్నరకల్లా సర్దేసుకుంటాయి, భోజనం హోటళ్ళు పన్నెండు దాటితే గానీ వడ్డన మొదలుపెట్టవు. సైనికాధికారుల ఇళ్ళతో మొదలైన ఈ కాలనీలో పెద్దవాళ్ళు తెల్లవారుజామునే నడకకు వెళ్ళి వస్తారు. గచ్చిబౌలి నుంచో కొండాపూర్ నుంచో శుక్రవారం రాత్రి వచ్చిన వాళ్ళ పిల్లలు మాత్రం పదింటికి గానీ నిద్ర లేవరు. అందరూ కలిసి బయటికి వచ్చేసరికి టిఫిన్ వేళ దాటిపోతుంది, భోజనం వేళ కాదు. మంచి కేఫులు ఇక్కడ లేకపోలేదు, ఆమ్లెట్టూ పాన్‌కేకూ కావలసిన వారికి అవి చాలు. కానీ తాతగారూ మనవరాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినదగినది, మళ్ళీ సాయంత్రం దాకా ఆకలి గుర్తుచేయనిది, ఉప్మా పెట్టిన పెసరట్టు ఒక్కటేనని నా నమ్మకం. ఆ నమ్మకం మీదే ఈ రెండు రోజుల వ్యాపారం నిలబడింది.

పెసరట్టులో పెసల దోషం దాక్కోవడానికి చోటు లేదు. ఇడ్లీ పిండిలోనూ దోసె పిండిలోనూ పప్పు కొంచెం అటూ ఇటూ అయినా రాత్రంతా పులిసి సర్దుకుంటుంది. పెసర పిండిని పులియబెట్టం. గుప్పెడు బియ్యం కలిపి నానబెట్టిన పెసలను అల్లం, పచ్చిమిర్చి, జీలకర్రతో రుబ్బి, రుబ్బిన కాసేపట్లోనే పోసేయాలి, ఆలస్యమైతే పుల్లబడుతుంది. అందువల్ల గింజలో ఉన్న దోషం ఏదైనా నేరుగా మీ పళ్ళెంలోకే వస్తుంది. మాకు చాలాకాలంగా పెసలు ఇస్తున్న టోకు వ్యాపారి ఈమధ్య పంపిన బస్తాల్లో పైన నిగనిగలాడే గింజ, కింద పాత సరుకు ఉన్నాయి. ఆ పాత గింజల్లో కొన్ని ఎంతసేపు నానినా ఉబ్బకుండా రాళ్ళలా మిగిలిపోతున్నాయి. గ్రైండరు వాటిని నలగ్గొడుతుంది గానీ మెత్తగా చేయలేదు. పెనం మీద చూస్తే ఏ తేడా కనబడదు, పంటి కింద పడినప్పుడే తెలుస్తుంది. మా దగ్గరకు వచ్చేవారిలో డెబ్బై దాటినవారు ఎందరో మీకు నేను చెప్పక్కరలేదు.

బస్తా విప్పి చూపిస్తే ఆ వ్యాపారి అన్న మాట ఇది: "ఇంకో రెండు గంటలు నానబెట్టు అన్నా, పెసలు పెసలే కదా." ఆయన డబ్బు తిరిగి ఇస్తానన్నాడు, ఇచ్చాడు కూడా, ఆ మేరకు ఫిర్యాదు లేదు. కానీ బేరమాడకుండా అడిగిన ధర ఇచ్చినవాడికి, పండగలకు ముందే పైకం సర్దినవాడికి, చెప్పకుండా పాత సరుకు కలిపి పంపడం నేను మింగలేకపోయాను. 2025-26కు కేంద్రం ప్రకటించిన పెసల మద్దతు ధర క్వింటాలుకు 8,768 రూపాయలు. ఆ లెక్కన రైతుకు దక్కాల్సిన ధరే కిలో 87 రూపాయలు దాటింది, దాని మీద రవాణా, కమీషను, వ్యాపారి లాభం కలుస్తాయి. అంతకు చౌకగా కావాలని నేను ఏనాడూ అడగలేదు. ఆయన దగ్గర ఇక పెసలు కొనను. మినప్పప్పు మాత్రం ఎందుకు కొంటున్నావని మా ఇంట్లో అడిగారు, అదీ మానేశాను.

వేరే చోట ఎందుకు కొనకూడదని మీలో చాలామంది అడిగారు. టోకు బజార్లయిన బేగంబజారుకు వెళ్ళాను, మలక్‌పేట గంజ్‌కీ వెళ్ళాను. అక్కడ పెసలకు కొరత లేదు. దేశంలో పెసల ఉత్పత్తిలో మొదటి స్థానం రాజస్థాన్‌దే కాబట్టి అక్కడి సరుకు ఏడాది పొడుగునా దొరుకుతుంది. మధ్యప్రదేశ్ వేసవి పంట కూడా జూన్ నుంచి వస్తోంది. అయితే కోతకు ముందు చేను త్వరగా ఎండాలని అక్కడ కలుపు మందు కొడుతున్నారన్న కారణంతో ఆ రాష్ట్ర ప్రభుత్వమే 2025 వేసవిలో కొనుగోలుకు మొదట వెనుకాడింది, రైతులు ఆందోళన చేశాక ఒప్పుకుంది. ప్రతి చేనులోనూ కొట్టారని నేను అనడం లేదు. ఏ బస్తా ఏ చేనుదో చెప్పగలిగిన మనిషి మాత్రం నాకు దొరకలేదు, ఒకసారి దెబ్బతిన్నాక మనిషిని చూడకుండా బస్తాను నమ్మే ధైర్యం నాకు లేదు.

ఇక నన్ను నిజంగా నిద్రపోనివ్వని విషయం పొట్టు పెసరపప్పు. గింజను మిల్లులో పగలగొట్టాక రాతిగింజ బాధ ఉండదు, గంటన్నరలో నానుతుంది, రంగు పచ్చగానే ఉంటుంది, దొరకడం సులువు. ఒక్క మాటలో చెప్పాలంటే నా కష్టాలన్నీ తీరతాయి. చేసి చూశాను. అట్టు పలచగా, కరకరలాడుతూ చక్కగా వచ్చింది. మా ఆవిడ తిని, ఇదే పెట్టేయండి, ఎవరికి తెలుస్తుంది అంది. వంటమాస్టరు కూడా అదే అన్నాడు. ఇద్దరు పాత కస్టమర్లకు చెప్పకుండా పెడితే ఒకాయన గుర్తుపట్టలేదు, ఇంకొకాయన ఈరోజు మరీ బాగుందన్నారు. లెక్క ప్రకారం చూస్తే మర్నాడే బోర్డు మీద మళ్ళీ పెసరట్టు అని రాసేయాలి.

రాయలేకపోయాను. గుండు పెసలు పొట్టుతో సహా నాని, మొలకెత్తడానికి సిద్ధమవుతున్న దశలో రుబ్బితే పిండికి వచ్చే చిక్కదనం, ఆ పచ్చి వాసన, అట్టు మధ్యలో మిగిలే మెత్తదనం పొట్టుపప్పుకు రావు. ఉప్మా పెట్టి మడిచినప్పుడు విరగకుండా వంగేది ఆ మెత్తదనం వల్లే. గుర్తుపట్టనివారికి పెట్టినా తప్పు లేదని వాదించవచ్చు, మా ఆవిడ ఇప్పటికీ అదే వాదిస్తోంది. నాకు చెప్పకుండా పాత పెసలు కలిపినవాడి వాదన కూడా సరిగ్గా అదే కదా. పోనీ "పొట్టుపప్పు అట్టు" అని వేరే పేరుతో పెడదామా అని కూడా చాలా ఆలోచించాను. పెట్టిన వారంలోపే అందరూ దాన్ని పెసరట్టనే పిలుస్తారు, సెప్టెంబరులో అసలుది వచ్చాక ఇది పోయిన నెలంత కరకరలాడటం లేదని నన్నే అడుగుతారు. మొండితనం అనుకుంటే అనుకోండి. రెడీమేడ్ పిండి ప్యాకెట్లు పట్టుకుని ఒక కంపెనీ ప్రతినిధి కూడా వచ్చాడు, కాఫీ ఇచ్చి పంపించాను.

సూర్యాపేట వైపు ఒక రైతు కుటుంబంతో మాట కుదిరింది. జూన్ వానలకు విత్తారు, చేను ప్రస్తుతం పూత మీద ఉంది, ఆగస్టు చివర కోతకు రావాలి. కోత వేళ వాన పట్టుకుంటే కాయలోనే గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. అలా జరిగితే ఆ పంట కూడా నాకు పనికిరాదు, అప్పుడు మళ్ళీ మీకు ఇలాగే తెలియజేస్తాను. వచ్చిన పెసల్లో ప్రతి బస్తా నుంచి అడుగు గింజలు కూడా తీసి నానబెట్టి చూశాకే పిండికి వెళ్తాయి.

అప్పటిదాకా శని, ఆదివారాల్లో దిబ్బరొట్టె, సర్వపిండి, కారప్పొడి ఇడ్లీ, జీడిపప్పు ఉప్మా ఉంటాయి. వేళల్లో మార్పు లేదు. దిబ్బరొట్టె సన్నని సెగ మీద మూత పెట్టి కాల్చాలి కాబట్టి అరగంట దాకా పట్టవచ్చు, వచ్చే ముందు ఫోన్ చేసి చెబితే సిద్ధంగా ఉంచుతాం. అల్లం పచ్చడి మానలేదు, దేనితో కావాలన్నా అడగండి. ఆగస్టు ఫంక్షన్లకు పెసరట్టు లైవ్ కౌంటరు కోసం అడ్వాన్సు ఇచ్చిన మూడు కుటుంబాలకూ పూర్తి మొత్తం తిరిగి ఇస్తున్నాను. వాటిలో ఒకరు "మాకు పొట్టుపప్పుతోనే వేయండి, మేము ఏమీ అనం" అన్నారు. వారికి పొట్టుపప్పు అట్టు చక్కగా వేసే ఇంకో వంటవారి నంబరు ఇచ్చాను.