కందుకూరి వారి ఇంట్లో వంటగది కథ కూడా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

రాజమండ్రిలో వీరేశలింగం పంతులు గారు పుట్టిన ఇల్లు మ్యూజియంగా మిగిలినందుకు నాకు చాలా సంతోషం, ఆ కాలపు ఇళ్లు ఎన్నో అపార్ట్‌మెంట్లకి దారిచ్చేశాయి కదా. అయితే మా పిల్లల్ని ఆ ఇంటి గురించి అడిగితే 1848లో పుట్టారు, 1919లో పోయారు, వితంతు వివాహాలు చేశారు అని గడగడా అప్పజెప్పి అక్కడితో ఆపేస్తారు.

1881 డిసెంబర్ 11 రాత్రి పంతులు గారు చేయించిన తొలి వితంతు వివాహం జరిగింది ఆ ఇంట్లోనే. పెళ్లికూతురు గౌరమ్మ బాలవితంతువు, వరుడు గోగులపాటి శ్రీరాములు. గొడవలవుతాయని పోలీసు కాపలా పెట్టారు, పంతులు గారి విద్యార్థులు అండగా నిలబడ్డారు, కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు డబ్బు సాయం చేశారు. మరో నాలుగు రోజులకే రెండో పెళ్లి. ఊళ్లో వాళ్లు పంతులు గారిని వెలివేశారు, వంటవాళ్లు రామన్నారు, నీళ్లు తెచ్చేవాళ్లూ మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, వచ్చినవాళ్లందరికీ వండిపెట్టారు. ఉపన్యాసం ఇచ్చినవాళ్ల ఫొటోలు గోడకెక్కుతాయి గానీ ఆ బిందెలు మోసిన ఆవిడ లేకపోతే ఆ పెళ్లిపందిట్లో అన్నం ఎవరు పెట్టేవారండీ?

అందుకే నా కోరిక ఒక్కటే. ఆ ఇల్లు చూడటానికి వచ్చిన పిల్లలకి ఈ గది ఎవరిది, ఇక్కడ ఏం జరిగింది, ఆ రాత్రి వీధిలో ఎవరున్నారు అని గది గదికీ తెలుగులో, పెద్ద అక్షరాలతో చెప్పాలి. వెతకడానికి కష్టపడక్కర్లేదు, పంతులు గారు తన జీవితకథ తానే రాసి పెట్టారు, అందులోంచి నాలుగు వాక్యాలు ఎత్తి రాస్తే చాలు.

1906లో హితకారిణీ సమాజం అనే ధర్మసంస్థ పెట్టి తన ఆస్తిని దానికి రాసిచ్చిన మనిషి ఆయన. 1910లో రాజ్యలక్ష్మమ్మ గారు పోయారు. పంతులు గారి పేరు పక్కనే ఆవిడ పేరు కూడా, అదే సైజు అక్షరాల్లో, గుమ్మం దగ్గరే కనిపించాలి. సంబంధిత అధికారులు మీ పేపర్ చూస్తారన్న నమ్మకంతో రాస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు