సమ్మతి పత్రంపై సంతకం ఎవరి ఎదుట?

సంపాదకులకు,

ఉద్యోగం మానకుండా డీబీఏ (డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అనే పరిశోధన డిగ్రీ) చేయడంపై గత ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. మూడు నాలుగేళ్ల కాలం, వారాంతాల చదువు, ఇంట్లోవాళ్ల సహకారం అన్నీ సబబుగానే రాశారు. నా పేచీ 'మీ సంస్థే మీ ప్రయోగశాల' అన్న ఒక్క వాక్యంతో. నేను గోదాము మేనేజరును. ఇదే కోర్సు మూడో ఏడాదిలో ఉన్నాను. ఆ ప్రయోగశాలలో చేతులు కాల్చుకున్నదాన్ని.

త్రుటిలో తప్పిన ప్రమాదాలను సిబ్బంది రిజిస్టరులో ఎందుకు రాయరన్నది నా పరిశోధనాంశం. మొదట 11 మంది షిఫ్టు సూపర్‌వైజర్లను నా గదికి పిలిచి నేనే ఇంటర్వ్యూ చేశాను. పరిశోధనలో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే నైతిక పరిశీలన కమిటీ అనుమతి ఉంది. (ఫారాలు నింపడం మేనేజర్లకు చేతకాని పనా!) 'ఎప్పుడైనా తప్పుకోవచ్చు' అని ఉన్న సమ్మతి పత్రాన్ని ఒకాయన రెండుసార్లు చదివి, కలం మూత తీయకుండానే అడిగాడు: "మేడమ్, ఇది అప్రైజల్‌కు ముందా, తర్వాతా?" నేను నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

పదకొండు మందీ 'భద్రతే మొదటి ప్రాధాన్యం' అన్నారు. రోజూ ఉదయం సమావేశంలో నేను చెప్పే మాటే అది. ఇంటర్వ్యూల ప్రతి చూసి మా గైడు పక్కన పెన్సిలుతో రాశారు: 'ఇది ఎవరి గొంతు?' మనుషులు నమ్ముతున్నామని చెప్పే సూత్రం వేరు, ఆచరణలో నడిపించే సూత్రం వేరు అని సంస్థల్లో మనుషుల తీరును అధ్యయనం చేసిన క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షాన్ 1974లోనే రాశారు. దాని మీద నేనే రెండు పేజీలు రాసి ఉన్నాను కూడా!

ఎనిమిది నెలల పని పక్కన పడేశాను. వేరే సంస్థలో పనిచేసే తోటి పరిశోధకురాలు మావాళ్లతో బయట మాట్లాడి, పేర్లు తీసేశాకే ఆ ఇంటర్వ్యూలను నాకు ఇచ్చారు. అప్పుడు బయటపడింది: రిజిస్టరులో రాస్తే విచారణ, విచారణ తేలేదాకా ఆ షిఫ్టు మొత్తానికీ బోనస్ ఆగుతుంది. రెండేళ్ల కిందటి ఆ సర్క్యులర్ కింద ఉన్న సంతకం నాదే.

సొంత సంస్థను పరిశోధించవద్దని అనడం లేదు. మార్పు తెస్తూనే దాన్ని అధ్యయనం చేసే పద్ధతికి మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1940ల్లోనే 'యాక్షన్ రీసెర్చ్' అని పేరు పెట్టారు. పని నుంచి పుట్టిన సమస్యే డీబీఏకు ప్రాణం. కానీ ఎదుట కూర్చున్నవారి జీతం పెంపు మన చేతిలో ఉన్నప్పుడు వారిచ్చే సమ్మతికి విలువెంతో మీ వ్యాసంలో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

గత నెల ఆ సర్క్యులర్‌ను ఉపసంహరించాను. ఇప్పుడు రిజిస్టరులో దాదాపు రోజుకో నమోదు కనిపిస్తోంది. నేనే ఇచ్చి, నేనే రద్దు చేసిన ఉత్తర్వు కాబట్టి దీన్ని నా పరిశోధన ఫలితంగా చూపవచ్చా, కూడదా అని గైడుకూ నాకూ ఇంకా వాదన నడుస్తోంది.

– ఒక పాఠకురాలు