జరిమానా వేస్తే కాగితం ఇవ్వాలి

సంపాదకులకు,

కోటాకు మించి పండిన పొగాకుపై పొగాకు బోర్డు వేసే జరిమానా గురించి పోయిన వారం మీరు వేసిన వార్తలో, అన్యాయం జరిగిందనుకునే రైతులు కోర్టుకు వెళ్లవచ్చని ఉంది. ఏ కాగితం పట్టుకుని వెళ్లాలి?

వర్జీనియా పొగాకు రైతుకు మిగతా రైతులకున్న వెసులుబాటు లేదు. 1975 పొగాకు బోర్డు చట్టం కింద బోర్డులో నమోదు కావాలి, ఆకు కాల్చే బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, కోటాగా రాసిచ్చిన కిలోల లోపే పండించాలి, వేలం కేంద్రంలోనే అమ్మాలి. ఎవరూ ధర పాడక నోబిడ్ అయిన బేలును మళ్లీ బండికెత్తి ఇంటికి తేవాలి, విప్పి, ఆకు వేరుచేసి, తిరిగి కట్టి మరో రోజు తీసుకెళ్లాలి. రెండు కిరాయిలు, రెండు కూలీలు. ఈలోగా ఆకు ఆరి తూకం తగ్గితే అదీ రైతు నెత్తినే.

కోటా కిలోల్లో రాస్తారు, పంట మాత్రం వానను బట్టి వస్తుంది. అదే నేలలో రెండు అదను వానలు పడితే దిగుబడి పెరుగుతుంది. ఆ ఆకును బయట అమ్మకూడదు, వేలం కేంద్రానికి తెస్తే సొమ్ములో జరిమానా కోత. ఒక్కో ఏడాది ఢిల్లీ మినహాయింపు ఇస్తుంది, ఒక్కో ఏడాది ఇవ్వదు.

ఇలాంటి ఆంక్షలను కోర్టులు ఎందుకు నిలబెట్టాయో అధికారులు మరిచిపోకూడదు. 1958లో అరుణాచల నాడార్ కేసులో సుప్రీంకోర్టు తరఫున జస్టిస్ కోకా సుబ్బారావు 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ చట్టాన్ని సమర్థించారు. దళారుల చేతిలో రైతు నలిగిపోకుండా కాపాడే చట్టమన్నదే అందుకు కారణం. ఆ కాపుదల కోసం పుట్టిన అధికారం రైతు మీదికే తిరిగితే అది న్యాయమని రుజువు చేయాల్సింది బోర్డే.

కోటా ఎంతన్న విధానంలో హైకోర్టు మామూలుగా వేలు పెట్టదు. కానీ జరిమానాకు చట్టంలో ఆధారముందా, రైతు మాట విన్నారా, కారణం రాశారా అన్నవి రాజ్యాంగం 226 అధికరణం కింద చూస్తుంది. ఉత్తర్వులో లేని కారణాలను తర్వాత అఫిడవిట్‌లో చేర్చడం కుదరదని మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. అమ్మకం పట్టీలో (బిల్లులో) ఒక గడిలో వేసిన కోత అంకె ఉత్తర్వు కాదు. ఎన్ని కిలోలు అదనం, ఏ నిబంధన, ఏ రేటు, ఎవరికి అప్పీలు చేసుకోవాలి? ఇవన్నీ తెలుగులో, సంతకంతో ఉండాలి.

పొగాకుపై మార్కెట్ ఫీజు గొడవలో ఐటీసీ కంపెనీ వాదన విని 2002లో ఐదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. అదే నాలుగు బేళ్ల కోత కోసం రైతు హైకోర్టుకని అమరావతి వెళితే చార్జీలకు, వకీలు ఫీజుకే కోతను మించిన డబ్బవుతుంది.

రైతులు కోత పడిన రోజే అభ్యంతరం రెండు ప్రతులు రాసి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. వచ్చే వేలం మొదలయ్యేలోపు జరిమానా ఉత్తర్వు నమూనాను ప్రతి కేంద్రంలోనూ గోడకు అంటించాలని బోర్డును కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, టంగుటూరు