జంపఖానా తిరగేసి చూసేదెవరు?

సంపాదకులకు,

మా అమ్మాయి ఇంట్లో పరవడానికని ఈమధ్య ఒక షాపులో 'వరంగల్ దర్రీ' (మనం జంపఖానా అనేదే) అని అడిగి మరీ కొన్నాను. రెండు ఉతుకులకే రంగు వెలిసింది. వరంగల్ కొత్తవాడలో నాకు తెలిసిన ఒక నేత పనాయనకు చూపిస్తే, తిరగేసి నవ్వారు. "గిది మగ్గం మీదిది కాదమ్మా, సాంచెది. పైన అచ్చు గుద్దిండ్రు" అన్నారు. సాంచె అంటే మరమగ్గం. నిజమే, వెనకవైపు తెల్లగా వెలవెలబోతోంది. రంగు నూలుతోనే డిజైన్ వచ్చేలా చేత్తో నేసిన జంపఖానాకు ముందూ వెనకా ఉండదు, ఎటు పరిచినా ఒకటే. ఇన్నేళ్లు ఇక్కడే ఉండి ఆ మాత్రం చూసుకోనందుకు నాకే సిగ్గేసింది.

ఆ పూట ఆయన మగ్గం దగ్గర గంటసేపు కూర్చున్నాను. ఒక్కో రంగు నూలుకు ఒక్కో చిన్న ఉండ. ఎరుపు పోగు తన హద్దు దాకా వెళ్లి వెనక్కి మళ్లుతుంది, అక్కడి నుంచి నీలం అందుకుంటుంది. నాలుగు వరసలు పడగానే దువ్వెనలాంటి ఇనప పంజాతో దడదడా కొడతారు, కింది పడుగు (నిలువు పోగులు) కనబడకుండా పేక (అడ్డ పోగులు) కప్పేసే దాకా. ఎదురుగా డిజైన్ కాగితం లేదు, పోగులు పైకే లెక్కపెట్టుకుంటున్నారు. నేను లేచేసరికి జానెడు కూడా పెరగలేదు. పక్కన ఆయన భార్య కూర్చునే చోటు ఖాళీ. మోకాళ్ల నొప్పులతో మానేసిందట. కొడుకు అసలు మగ్గమే ఎక్కలేదు.

1985 నాటి కేంద్ర చట్టం కింద చేనేతకే కేటాయించిన 11 రకాల్లో జంపఖానా ఒకటి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందాలి. అయినా ఏ సరుకుకు ఆ పేరు తగిలించి అమ్మినా అడిగే నాథుడు లేడు. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవానికి మాత్రం నేతన్నలకు శాలువాలు కప్పుతారు (ఆ శాలువా ఎక్కడ నేసిందో మరి!).

చేనేత, జౌళి శాఖ అధికారులు షాపుల్లో తనిఖీలు చేయాలి. నేసినచోటే ప్రతి జంపఖానాకు గుర్తు కుట్టి పంపే ఏర్పాటు చేయాలి. ప్రభుత్వ హాస్టళ్లకు కొనేటప్పుడు టెండర్లో 'చేనేత' అని రాసి ఊరుకోకుండా, సరుకు దించుకునే రోజు ఎవరో ఒకరు తిరగేసి చూడాలి. దానికి నిపుణులు అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

నేను కొన్న రసీదు భద్రంగానే ఉంది. తనిఖీకి ఎవరైనా బయల్దేరితే ఆ షాపు నేనే చూపిస్తాను.

- ఒక రిటైర్డ్ టీచర్, హనుమకొండ