యూఎస్‌బీ ప్రింటర్‌ను అందరూ వాడుకోవడానికి రౌటర్ చాలు

సంపాదకుడు గారికి,

వైఫై లేదన్న ఒక్క కారణంతో బాగా పనిచేసే యూఎస్‌బీ ప్రింటర్లను చాలామంది మూలన పడేస్తున్నారు. కొందరు దాన్ని ఒక కంప్యూటర్‌కు తగిలించి, మిగతావాళ్ల ప్రింట్ల కోసం ఆ కంప్యూటర్‌ను రోజంతా ఆన్‌లోనే ఉంచుతున్నారు. రెండూ అక్కర్లేదు. యూఎస్‌బీ పోర్ట్ ఉండి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్ల కోసం తయారైన లినక్స్ ఆధారిత ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికి వీలున్న రౌటర్ ఉంటే, పీ910ఎన్‌డీ అనే చిన్న సర్వీసు ఆ పని చేసిపెడుతుంది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ మాత్రమే ఉన్న బాగా పాత రౌటర్లకు మాత్రం ఆశపడొద్దు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కొత్త వెర్షన్లు వాటిలో ఇమడవు.

ఈ సర్వీసుకు తెలిసిన పని ఒక్కటే. నెట్‌వర్క్‌లో 9100 పోర్ట్‌కు (ఇది తగిలించే పోర్ట్ కాదు, డేటా వచ్చే ద్వారం నంబరు) వచ్చిన డేటాను వచ్చింది వచ్చినట్టే ప్రింటర్‌కు అందిస్తుంది. పేజీని ప్రింటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చేది ప్రింట్ ఇచ్చే కంప్యూటర్‌లోని డ్రైవరే. అందువల్ల రౌటర్‌లో ఏ డ్రైవరూ వేయక్కర్లేదు, ప్రతి కంప్యూటర్‌లోనూ మాత్రం వేసుకోవాలి.

రౌటర్‌లో వేయాల్సినవి యూఎస్‌బీ ప్రింటర్ కెర్నల్ మాడ్యూల్ (రౌటర్ ప్రింటర్‌ను గుర్తించడానికి కావాల్సిన భాగం), పీ910ఎన్‌డీ, కావాలంటే బ్రౌజర్‌లో సెట్టింగ్‌లు మార్చుకునే దాని లూసీ పేజీ. కేబుల్ తగిలించగానే రౌటర్‌లో డెవ్ అనే ఫోల్డర్ కింద యూఎస్‌బీలో ఎల్‌పీ0 అనే ఫైలు కనిపించాలి. అది లేకపోతే ముందుకు వెళ్లి లాభం లేదు, మాడ్యూల్ సంగతి చూడండి. పీ910ఎన్‌డీ సెట్టింగ్‌లుండే కాన్ఫిగ్ ఫైలులో ‘ఎనేబుల్డ్’ మొదట 0 ఉంటుంది, 1 చేయాలి. ‘పోర్ట్’ దగ్గర 9100 అని రాసేవాళ్లు చాలామంది. అక్కడ ఉండాల్సింది 0. ఆ అంకెను 9100కు కలుపుకుంటారు కాబట్టి రెండో ప్రింటర్ ఉంటే 1 రాస్తే 9101 అవుతుంది. అయితే రెండు ప్రింటర్లున్నచోట ఒకదాన్ని ఆపి మళ్లీ వేస్తే ఎల్‌పీ0, ఎల్‌పీ1 తారుమారయ్యే ప్రమాదం ఉంది. ఒక రౌటర్‌కు ఒక ప్రింటర్ పెట్టుకోవడమే సుఖం.

విండోస్‌లో ప్రింటర్‌ను టీసీపీ/ఐపీ అడ్రస్‌తో చేర్చి, రౌటర్ అడ్రస్ ఇచ్చి, ప్రోటోకాల్ ‘రా’, పోర్ట్ 9100 ఎంచుకోవాలి. డ్రైవర్‌ను తనే వెతికే టిక్ తీసేయండి, అక్కడ జవాబు చెప్పేవాళ్లెవరూ లేరు. ఇంత చేసినా ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తుంటే కేబుల్‌ను అనుమానించకండి. విండోస్ ఎస్ఎన్ఎంపీ (నెట్‌వర్క్ పరికరాల స్థితి తెలుసుకునే పద్ధతి) ద్వారా ప్రింటర్ క్షేమం అడుగుతుంది, పీ910ఎన్‌డీకి ఆ భాష రాదు. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్, అందులో కాన్ఫిగర్ పోర్ట్ తెరిచి ‘ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ టిక్ తీసేస్తే సరి. లినక్స్‌లో ప్రింటింగ్ చూసుకునే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ జాబితా నుంచి ‘యాప్‌సాకెట్/హెచ్‌పీ జెట్‌డైరెక్ట్’ ఎంచుకుంటే చాలు. మొదటి పేజీ వచ్చి ఆ తర్వాత ప్రింటర్ బిగుసుకుపోతుంటే రౌటర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో ‘బైడైరెక్షనల్’ను 0 చేసి చూడండి. తిరుగు సమాధానాలు చదవబోతే కొన్ని చౌక ప్రింటర్లు తట్టుకోలేవు.

అసలు చిక్కు కొన్ని మోడళ్లతోనే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1018, 1020 లాంటివి తమను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, దాచుకోవు. పవర్ తీసిన ప్రతిసారీ మర్చిపోతాయి. నేరుగా యూఎస్‌బీకి తగిలిస్తే విండోస్ డ్రైవర్ దాన్ని చప్పుడు లేకుండా ఎక్కిస్తుంది, 9100 దారిలో ఆ సౌకర్యం లేదు. ఫర్మ్‌వేర్ ఫైలును రౌటర్‌లో పెట్టి, ప్రింటర్ ఆన్ అయినప్పుడల్లా దాన్ని ఎల్‌పీ0కు పంపే హాట్‌ప్లగ్ స్క్రిప్ట్ (పరికరం తగలగానే తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రామ్) రాసుకోవాలి. కానన్ క్యాప్ట్ రకం ప్రింటర్లయితే డ్రైవర్‌కూ ప్రింటర్‌కూ మధ్య నడిచే సంభాషణ మీదే ఆధారపడతాయి, వాటికి ఈ పద్ధతి సాధారణంగా కుదరదు.

పీ910ఎన్‌డీ డిస్క్ మీద ఏదీ దాచదు. అంటే క్యూ లేదు. ఒకరి ప్రింట్ పూర్తయ్యేదాకా రెండోవాళ్ల పని వాళ్ల కంప్యూటర్‌లోనే ఆగి ఉంటుంది. వంద పేజీలు పంపి ల్యాప్‌టాప్ మూత వేస్తే ప్రింట్ మధ్యలోనే ఆగిపోతుంది. కాగితం అయిపోతే లైను మొత్తం నిలిచిపోతుంది, ఎవరి వల్ల ఆగిందో చెప్పే తెర కూడా ఉండదు.

పాస్‌వర్డ్ కూడా లేదు. నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ప్రింట్ ఇవ్వవచ్చు. 9100 పోర్ట్‌ను ఇంటర్నెట్ వైపు తెరవకండి, అతిథుల వైఫై నుంచి కూడా దారి ఇవ్వకండి. 2018 నవంబరు చివర్లో ఒక యూట్యూబ్ ఛానల్‌కు మద్దతు కోరే కాగితాలు దేశదేశాల్లోని ప్రింటర్లలో వాటంతటవే ముద్రితమయ్యాయి. అందుకు దారి ఇలా తెరిచి వదిలేసిన 9100 పోర్టే.

ఆల్ ఇన్ వన్ ప్రింటర్‌లో స్కానర్ ఈ దారిన పనిచేయదు, దానికి సేన్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్ వేరుగా పెట్టుకోవాలి. ఫోన్ల నుంచి నేరుగా ప్రింట్ కావాలంటే ఐపీపీ (ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్) తెలిసిన కప్స్‌ను 631 పోర్ట్ మీద నడపాలి. ఆ బరువు రౌటర్ మీద వేసే బదులు రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుకు అప్పగించడం నయం.

ఇట్లు,
ఒక పాఠకుడు