సద్దుల బతుకమ్మకు ఊరెళ్లే నగరవాసులకు, చెరువును చూసుకునే పురపాలికలకు

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు వచ్చాయంటే జూబ్లీ బస్‌స్టేషన్, ఉప్పల్ చౌరస్తా, ఇమ్లీబన్ కిటకిటలాడతాయి. సిద్దిపేట, కరీంనగర్, జనగామ, హనుమకొండ బస్సుల నిండా ఆడబిడ్డలే. పుట్టింటికి పోయేవాళ్లతోపాటు, హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగి ఈసారైనా చిన్న ఊళ్లో చెరువు కట్ట మీద బతుకమ్మ చూడాలని బయల్దేరే కుటుంబాలు కూడా ఇప్పుడు కనబడుతున్నాయి. వాళ్లు రావాలి, పిల్లల్ని తీసుకుని రావాలి. అయితే చాలామంది సద్దుల రోజు మధ్యాహ్నానికి ఊళ్లో దిగుతున్నారు. చౌరస్తాలో మిగిలిన రంగు పూలు కొని గంటలో పేరుస్తున్నారు. చెరువుకు చేరేలోపే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. దాన్ని ప్లాస్టిక్ పళ్లెంతో సహా నీళ్లలోకి తోసి రాత్రికే వెనక్కి మళ్లుతున్నారు. ఒక్క రోజు ముందు వస్తే ఇందులో ఏదీ జరగదు. ఆ ఒక్క రోజును ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు తేదీ సంగతి. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలైన బతుకమ్మ ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు సద్దులతో ముగుస్తుంది. సద్దులు 2023లో అక్టోబర్ 22న, 2024లో అక్టోబర్ 10న, 2025లో సెప్టెంబర్ 30న వచ్చాయి. తిథి రెండు రోజులకు పాకిన ఏడాది ఒక ఊళ్లో ఇవ్వాళ, పక్క ఊళ్లో రేపు ఆడతారు. వేములవాడలో ఏడో రోజుకే సద్దులు చేస్తారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ కాబట్టి ఆ రోజు పేర్చరు. సెలవు కలిసొచ్చిందని ఆ రోజు బయల్దేరిన వాళ్లకు ఉత్త చెరువే కనబడుతుంది. టికెట్ తీసుకునే ముందు ఆ ఊళ్లో బంధువునో, గుడి పూజారినో అడిగి రోజు ఖాయం చేసుకోవాలి.

ప్రయాణానికి వస్తే, 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్ర మహిళలకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ మాత్రం తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలకు ఇది వర్తించదు. పండగ రద్దీలో చిన్న పిల్లలతో ఎక్స్‌ప్రెస్‌లో నిలబడి పోవడం కష్టం కాబట్టి, వాళ్లున్న ఇళ్లవాళ్లు ముందే రిజర్వేషన్ చేయించుకోవడం నయం. సిద్దిపేటకు 2023 అక్టోబర్ 3న రైలు కూడా మొదలైంది. మల్కాజిగిరి, మేడ్చల్, మనోహరాబాద్, గజ్వేల్ మీదుగా వెళ్తుంది. తిరిగే రైళ్లు కొద్దే కాబట్టి వేళ చూసుకోవాలి, కానీ షామీర్‌పేట దగ్గర వాహనాల వెనక ఆగిపోయే బాధ ఉండదు. కారులో పోయేవాళ్లు ఉదయం ఆరు లోపు కంటోన్మెంట్ దాటాలి. చెరువు దగ్గరికి కారు తీసుకుపోవద్దు. తలల మీద బతుకమ్మలతో నడిచే ఆడవాళ్లకు దారి మూసేసేది కట్ట కింద అడ్డదిడ్డంగా నిలిపిన కార్లే.

ఇక పూలు. తంగేడు, గునుగు ఉంటే బతుకమ్మ ఉన్నట్టే, మిగతావన్నీ వాటికి తోడు.

తంగేడు మన రాష్ట్ర పుష్పం. బీళ్లు, రాళ్ల గుట్టలు, చెరువు కట్టలు దాని తావులు. పొద్దున ఎనిమిది లోపు కోయాలి. కొమ్మ విరిస్తే ఆ కొమ్మకు రావలసిన పూత అంతా పోతుంది. నాలుగైదు అంగుళాల కాడ ఉంచి గుత్తిని మాత్రం కత్తెరతో తీయాలి. కింది పూలు విచ్చి పైన మొగ్గలున్న గుత్తి సాయంత్రం దాకా కళగా ఉంటుంది. మొత్తం విచ్చినది మధ్యాహ్నానికే రెక్కలు రాలుస్తుంది. చాలామంది ప్లాస్టిక్ కవర్లో కుక్కి తెస్తారు. లోపల చెమ్మ పట్టి, వేడెక్కి, రెండు మూడు గంటల్లో నల్లబడుతుంది. పాత నూలు చీర తడిపి, గట్టిగా పిండి, అందులో వదులుగా చుట్టి గంపలో నీడన పెడితే చాలు. పూల మీద నీళ్లు చిలకరించొద్దు, పేర్చేటప్పుడు జారిపోతాయి.

గునుగు మక్క, పత్తి, పల్లి చేలల్లో కలుపుగా మొలుస్తుంది. కంకి కాగితంలా పొడిగా ఉండి వాడదు కాబట్టి రెండు మూడు రోజుల ముందే కోసిపెట్టుకోవచ్చు. చేనుగల రైతును అడిగి, సాలు వెంబడే నడిచి కోయాలి. మొక్క ఆకులు పసుపుబారి వేలాడుతుంటే కలుపు మందు పడిందని గుర్తు. అక్కడ కోయొద్దు, పిల్లల్ని దిగనివ్వొద్దు. ఈ మందుల వాడకం పెరిగాక చేలల్లో గునుగు తగ్గిపోయింది. చౌరస్తాలో పూలు పరిచి అమ్మే పల్లె ఆడవాళ్లు ఇప్పుడు దాన్ని ఎక్కడెక్కడో వెతికి కోసుకొస్తున్నారు. వాళ్ల దగ్గర బేరమాడొద్దని మా మనవి.

ఎంత కావాలో చాలామందికి అంచనా ఉండదు. అడుగున్నర వెడల్పు తాంబాలం చుట్టుకొలత నాలుగు అడుగుల ఎనిమిది అంగుళాలు. అయిదారు గునుగు కంకులు కలిపి కడితే అంగుళం వెడల్పు కట్ట అవుతుంది. అంటే అన్నింటికన్నా కింది వరస ఒక్కదానికే యాభై అయిదుకు పైగా కట్టలు, దాదాపు మూడు వందల కంకులు. పైకి పోయేకొద్దీ తగ్గినా, గునుగు వరసలు నాలుగు పెట్టాలంటే వెయ్యి దాకా చేతిలో ఉండాలి. ఆ కట్టలు కట్టడానికే ఇద్దరికి ఒక పూట పడుతుంది. ఒక రోజు ముందు రమ్మనడానికి పెద్ద కారణం ఇదే.

బంతి, చామంతి హైదరాబాద్ నుంచే తెచ్చుకునేవాళ్లు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో తెల్లవారుజామునే కొనుక్కోవాలి. సద్దులు దగ్గరపడేకొద్దీ ధర ఎక్కుతుంది. బంతి బరువైన పువ్వు. పై వరసల్లో పెడితే కింద తంగేడు నలిగి బతుకమ్మ కుంగుతుంది. కింది వరసల్లో ఒకటి రెండు సార్లు వాడితే చాలు. పట్టుకుచ్చు, సీతజడ, కట్ల పూలు తేలిక కాబట్టి పైకి పోవచ్చు. గుమ్మడి పువ్వు పొద్దున్నే కోసి కాడ నీళ్లలో ఉంచి, అన్నింటికన్నా చివర పెట్టాలి.

గునుగుకు రంగు అద్దడం పాత అలవాటే. ఇబ్బంది వచ్చింది బట్టల రంగులతోనూ, మెరుపు పొడులతోనూ. అవి చేతులకు, చీరలకు అంటి చివరికి చెరువులో కలుస్తాయి. పసుపుపచ్చ రంగుకు పసుపు నీళ్లు, ఎర్రటి రంగుకు పసుపులో కొద్దిగా సున్నం కలిపిన నీళ్లు సరిపోతాయి. కంకి కొన మాత్రమే ముంచి, కట్టను తలకిందులుగా వేలాడదీసి రాత్రంతా నీడన ఆరనివ్వాలి. ఆరకుండా పేరిస్తే రంగు కారి కింది తంగేడు పాడవుతుంది. అసలు గునుగుకున్న తెలుపు, లేత గులాబీ రంగులే తంగేడు పక్కన ఎంతో అందంగా ఉంటాయి.

పేర్చడం సద్దుల రోజు పదకొండింటికి మొదలుపెడితే నాలుగింటికి పూర్తవుతుంది. తాంబాలంలోనో, వెదురు సిబ్బిలోనో రెండు అరటి నారలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి పరిచి కొసలు బయటికి వదలాలి. వాటి మీద గుమ్మడి ఆకులో, టేకు ఆకులో మందంగా పరవాలి. కట్టల కాడలన్నీ ఒకే పొడవుకు కత్తిరించాలి, పువ్వు బయటికి, కాడ లోపలికి. వరస పూర్తికాగానే నడుమ గుంతను తరిగిన కాడలు, ఆకులు, మిగిలిన పూలతో నింపి అరచేత్తో నొక్కి, చుట్టూ ఉన్న పూలతో సమం చేయాలి. ఆ తర్వాతే రెండో వరస. కొత్తవాళ్ల బతుకమ్మలు ఒరిగేది ఇక్కడే. నడుమ బోలుగా ఉంటే మోసేటప్పుడు పైభాగం లోపలికి దిగుతుంది, కాడలు ఎక్కువ తక్కువగా ఉంటే పొడుగు కాడలున్న వైపు లేస్తుంది. ప్రతి మూడు వరసలకు నూలు దారం చుట్టి ముడి వేయాలి. నైలాన్ దారం, పిన్నులు, థర్మకోల్ దిమ్మలు వద్దు. ఒక్కో వరస అర అంగుళం లోపలికి జరుపుతూ పోవాలి. అడుగున్నర పళ్లెం మీద రెండడుగులు మించితే తల మీద పెట్టుకుని కట్ట ఎక్కడం కష్టం. ఎత్తు కోసం పోటీ పడేవాళ్లు పళ్లెం వెడల్పు పెంచుకోవాలి. పైన గుమ్మడి పువ్వులో తమలపాకు పెట్టి పసుపు గౌరమ్మను నిలపాలి. పసుపులో నీళ్లు చెంచా చెంచాగా కలపాలి, పలచనైతే గౌరమ్మ నిలవదు.

పండగకు కలిపే అన్నాలైన సద్దుల్లో పులిహోర, కొబ్బరి అన్నం, నువ్వుల అన్నం రాత్రి దాకా ఆగుతాయి. పెరుగన్నమే పులుస్తుంది. అన్నం పూర్తిగా చల్లారాక పాలు ఎక్కువ, పెరుగు కొద్దిగా కలిపితే వాయనం ఇచ్చే వేళకు సరిగ్గా ఉంటుంది. రొట్టె వేడిగా ఉండగానే బెల్లం, నెయ్యి వేసి నలిపి మలీద ముద్దలు కట్టాలి. చల్లారితే ముద్ద విడిపోతుంది.

కట్ట మీద ఆట మొదలయ్యాక కొత్తగా వచ్చినవాళ్లు వలయంలోకి వెనక నుంచి చేరాలి, నడుమ నుంచి దాటి పోవద్దు. ఒకరు పాట అందిస్తే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు, చప్పట్లు ఆ పాటకే పడతాయి. పక్కన డీజే పెట్టెలు మోగితే పాట అందించే పెద్దమ్మ గొంతు నాలుగో మనిషికి కూడా వినబడదు, అడుగు తప్పి వలయం చెదిరిపోతుంది. ఆ పాటలు నోటికి వచ్చినవాళ్లు ఒక్కో ఊళ్లో కొద్దిమందే మిగిలారు. కనీసం ఆ మూడు గంటలు పెట్టెలు ఆపించండని పోలీసువారినీ, గల్లీ యువకులనూ వేడుకుంటున్నాం. సెల్‌ఫోన్లు పట్టుకుని వలయం నడుమ నిలబడేవాళ్లు కూడా బయటి నుంచే తీసుకోవాలి.

నీళ్లలో వదలడం చీకటి పడ్డాకే జరుగుతుంది. మెట్లకు నాచు ఉంటుంది, చెప్పులు పైనే విడవాలి. మోకాలి లోతు దాటి దిగొద్దు. ముందుగా గౌరమ్మను తీసుకుని, తాంబాలాన్ని నీటి మట్టానికి వంచి, అరటి నారల కొసలు పట్టుకుని ఆకులతో సహా మెల్లగా జార్చాలి. పళ్లెం ఇంటికి తెచ్చుకోవాలి. అగరుబత్తి పొట్లాలు, కవర్లు, కుంకుమ డబ్బాలు సంచిలో వేసుకుని తేవాలి. గౌరమ్మ పసుపును పుస్తెలకు రాసుకుంటారు కాబట్టి దాన్ని కూడా వదిలేసి తర్వాత వెతుక్కోవద్దు.

పురపాలికలకు మా విన్నపాలు. పండగకు వారం ముందు మెట్ల నాచు గీకించి, దిగువ మెట్టు దగ్గర తాడు కట్టించాలి. సద్దుల రోజు పొద్దున మాత్రమే చేస్తే నాచు పోదు, తడి మాత్రం మిగులుతుంది. దీపాలు నీళ్ల వైపు, మెట్ల వైపు తిప్పాలి. వేదిక మీదికి తిప్పితే దిగేవాళ్ల కాళ్ల కింద చీకటే. కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటర్ ఉండాలి. సిద్దిపేట కోమటిచెరువు లాంటి పెద్ద నీళ్లు తట్టుకుంటాయేమో గానీ, చిన్న కుంటల్లో ఒక్క రాత్రి పడిన పూలు కుళ్లి నీటిలోని ప్రాణవాయువును లాగేస్తే చేపలు చస్తాయి. మర్నాడు పొద్దున్నే వలలతో పూలు తీయించి ఎరువు గుంతకు చేర్చాలి. ముదిరిన గునుగు కంకుల్లో నల్లటి సన్న గింజలుంటాయి. వాటిని విడిగా దులిపి, చేలకు దూరంగా ఉన్న కట్ట వాలు మీద చల్లితే వానలకు మొలుస్తాయి.

తంగేడు సంగతి ఇంకా తొందరగా చూడాలి. రోడ్లు వెడల్పు చేసినప్పుడు, వెంచర్లకు భూములు చదును చేసినప్పుడు ముందు పోయేవి ఆ పొదలే. దానికి నీళ్లు పోయనక్కర్లేదు, పశువులు కూడా పెద్దగా ముట్టవు. ఎండిన కాయలు ఏరించి గింజలు దాచాలి. పెంకు గట్టిది కాబట్టి ఇసుకతో కొద్దిగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, జూన్‌లో తొలి వానలు పడగానే కట్ట వాలు మీద మూడడుగుల ఎడంతో గుంటకు రెండు మూడు గింజలు నాటించాలి. నర్సరీల్లో అలంకార మొక్కలకు పెట్టే ఖర్చులో కొంత దీనికి కేటాయించాలని, ఈ ఏటి కాయలు రాలకముందే ఆ పని ఎవరిదో తేల్చి చెప్పాలని కోరుతున్నాం.

— బతుకమ్మ పేర్చే పాఠకురాళ్లు, మల్కాజిగిరి, హైదరాబాద్