పంచాయతీ దాకా రాని అధికారం

సంపాదక మహాశయా,

పన్నులపై అదనంగా వేసే సెస్సులు, సర్‌చార్జీల సొమ్మును కేంద్రం తన దగ్గరే ఉంచుకుంటోందని మన రాష్ట్ర నాయకులు తరచూ అంటుంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. పంచాల్సిన పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది కానీ, రాజ్యాంగంలోని 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు ఆ లెక్కలోకే రావు. అవి పెరిగేకొద్దీ రాష్ట్రాలకు అందేది తగ్గుతుంది. రాజ్యాంగాన్ని సవరించి వీటికి పరిమితి పెట్టాల్సిందే.

అయితే ఢిల్లీని అడుగుతున్న న్యాయం మనవాళ్లు ఊళ్లకు చేస్తున్నారా?

తెలంగాణ పంచాయతీల్లో 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిసి, వాళ్ల స్థానంలో ప్రత్యేకాధికారుల పాలన మొదలైంది. గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని 243ఇ అధికరణం చెబుతున్నా, మనకు ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. శాసనసభకు ఇలాగే దాదాపు రెండేళ్లు ఎన్నికలు పెట్టకపోతే ఊరుకుంటామా? ఆ రోజుల్లోనే మా ఊరి మంచినీళ్ల బోరు మోటర్ కాలిపోయింది. పంచాయతీ కార్యదర్శి అప్పు తెచ్చి వైండింగ్ చేయించారు. ట్రాక్టర్ డీజిల్, బ్లీచింగ్ పౌడర్ కూడా ఆయనే తెచ్చారు. పంచాయతీ ఖాతాలో మేం కట్టిన ఇంటి పన్ను డబ్బులు ఉన్నాయి, బిల్లులన్నీ సరిగ్గానే పెట్టారు. చెక్కు మాత్రం నెలల తరబడి కదల్లేదు. అడిగితే ఫ్రీజింగ్ అన్నారు, అంటే ప్రభుత్వం ఖజానా చెల్లింపులు ఆపేసిందన్నమాట. చిన్న జీతంతో బతికే ఉద్యోగికి ఎంత టెన్షనో ఆలోచించండి. మా ఊరి డబ్బుతో మా మోటర్ బాగుచేసుకోవడానికి రాజధాని అనుమతి ఎందుకు?

పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. తాగునీరు, ప్రాథమిక విద్యతో కలిపి 29 అంశాలను 11వ షెడ్యూలులో చేర్చారు. కానీ వాటిని పంచాయతీలకు అప్పగించడమా మానడమా అన్నది శాసనసభల ఇష్టానికే వదిలేశారు. అసలు లోపం అక్కడే ఉందని నా అభిప్రాయం. మనసుంటే ఇవ్వొచ్చని కేరళ చూపించింది. 1996లో ఊళ్ల స్థాయిలోనే ప్రణాళికలు వేసుకునే ప్రజాప్రణాళిక మొదలుపెట్టినప్పుడు రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు ఇవ్వాలని నిర్ణయించింది.

కేంద్రం, రాష్ట్రాల మధ్య అధికారాల పంపిణీ గురించి సర్కారియా కమిషన్ 1988లో, పూంఛీ కమిషన్ 2010లో నివేదికలిచ్చాయి. మళ్లీ ఆ చర్చ జరిగితే కేంద్రం, రాష్ట్రాల దగ్గరే ఆపకూడదు. 29 అంశాల బదిలీని తప్పనిసరి చేయాలి. స్థానిక సంస్థలకు ఎంత వాటా ఇవ్వాలో చెప్పే రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫార్సులను పక్కన పడేసే వీలు ఉండకూడదు. ఈలోగా పంచాయతీల సొంత పన్నుల డబ్బుకు ఫ్రీజింగ్ వర్తించదని రాష్ట్ర ప్రభుత్వం వెంటనే ఉత్తర్వు ఇవ్వాలి. అందుకు రాజ్యాంగ సవరణ అవసరం లేదు.

– మాజీ వార్డు సభ్యుడు, నల్లగొండ జిల్లా